బొట్టు పెట్టిన పాటల పెట్టె

మా ఇంట్లో పాట రోజూ నాతోపాటే గేటు దాటి వెళ్లిపోయేది. వినడానికి ఇదేదో కవిత్వంలా ఉంది గానీ, కవిత్వమూ కాదు గాడిదగుడ్డూ కాదు, బ్లూటూత్.

నేను లెక్కల టీచర్ని. పొద్దున్నే తిరువూరు బస్టాండులో బస్సెక్కి ఎ.కొండూరు దగ్గరున్న మా హైస్కూలుకి వెళ్తాను. బయల్దేరేముందు మా ఆయనకి టిఫిను పెట్టి, కళ్లలో చుక్కల మందు వేసి, నా ఫోన్లోని పాటలు హాల్లో ఉన్న స్టీరియోకి కలిపేదాన్ని. నాదస్వరం అందుకునేది. "వెళ్లొస్తానండీ" అంటే ఆయన తలూపేవారు. నేను చెప్పులు తొడుక్కుని, గేటు వేసి, వీధి చివరికి వెళ్లేసరికి లోపల పాట తెగిపోయేది. ఫోను నా హ్యాండుబ్యాగులో ఉంటే పాట ఇంట్లో ఎలా ఉంటుంది? ఈపాటి లెక్క లెక్కల టీచరుకి తట్టలేదు.

ఆయనా చెప్పలేదు. సాయంత్రం వచ్చి "పాటలు విన్నారా?" అంటే "ఆ, విన్నాను" అనేవారు. ఒకరోజు గొడుగు మర్చిపోయి సగం దారిలోంచి వెనక్కొచ్చాను. ఇల్లంతా నిశ్శబ్దం. ఆయన కుర్చీ స్టీరియో పక్కకి లాక్కుని, ఆంప్లిఫయర్ మీద అరచెయ్యి ఆనించుకుని కూర్చున్నారు. జ్వరం తగిలిన పిల్లల నుదుటి మీద పెట్టినట్టు పెట్టారు చెయ్యి.

"పాటేదండీ?" అన్నాను.

"నువ్వు గేటు దాటగానే అది ఆగిపోతుంది."

"ఇన్నాళ్లూ చెప్పరేం మరి?"

"చెబితే ఫోను ఇక్కడ వదిలేసి వెళ్తావు. దారిలో నీకేమన్నా అయితే ఎలా?"

నాకు ఏడుపొస్తే అది కోపంలా బయటికొస్తుంది, అదో రోగం. "నాకేమవుతుందండీ? బస్సులో కూర్చుని వెళ్లేదానికి! రోజంతా ఇలా రాయిలా కూర్చుంటున్నారా? నోరు తెరిచి ఒక్క మాట చెప్తే మీ సొమ్మేం పోయింది?" అని గొడుగు చేత్తో పట్టుకునే అరిచేశాను. ఆయన బస్సుకి టైమైపోతోందని మాత్రం గుర్తుచేశారు.

మా ఆయన నీటిపారుదల ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసేవారు. కాలవలకీ తూములకీ నక్షలు గీసే పని. గీత గీస్తే వెంట్రుకంత తేడా వచ్చేది కాదు. అలాంటి మనిషికి నీటికాసులు వచ్చాయి. డాక్టర్లు గ్లకోమా అంటారు. నొప్పీ లేదు, ఎరుపూ లేదు, చూపుని పక్కల నుంచి కొంచెం కొంచెంగా తినేసుకుంటూ వచ్చింది. మాకు తెలిసేసరికి చాలావరకు అయిపోయింది. ఇప్పుడు పగటిపూట కిటికీ ఏ వైపుందో తెలిసేంత వెలుగు మిగిలిందంతే. ఆ మిగిలిన కాస్తా ఆరిపోకుండా కాపాడుతున్న చుక్కల మందుకి నేను రోజూ మనసులో దణ్ణం పెట్టుకుంటాను. ఉద్యోగం మాత్రం ముందే వదిలేయాల్సొచ్చింది.

ఆ స్టీరియో మా పెళ్లికంటే ముందుది. నడుమెత్తు ఉన్న రెండు చెక్క స్పీకర్లు, ఇద్దరు పట్టుకుంటే గానీ లేవని ఆంప్లిఫయర్. పెళ్లయిన కొత్తలో దాని మీద నేను పూల కుండీ పెట్టానని ఆయన అన్నం మానేశారు. క్యాసెట్ డెక్కు ఎప్పుడో ముసలిదైపోయింది. సీడీ ప్లేయరు మాత్రం ఆయన కళ్లతోపాటే చదవడం మానేసింది. బాగుచేసేవాళ్లకి చూపిస్తే లోపల లెన్సు పోయిందనీ, ఇప్పుడా సామాను దొరకదనీ అన్నారు. దాంతో ఆంప్లిఫయర్‌కి చిన్న బ్లూటూత్ డబ్బా తగిలించాక పాటలన్నీ ఫోన్లోకి వచ్చిపడ్డాయి, ఆ ఫోనేమో నాతో బస్సెక్కింది.

ఆయనకి ఇంకో స్మార్టు ఫోను కొనకపోలేదు. అద్దం మీద వేలు పెడితే ఏం తెలుస్తుంది? అంతా ఒకటే నునుపు. పాట పెట్టబోతే ఎవరికో ఫోను వెళ్లేది. ఒకసారి మా హెడ్మాస్టరుగారికి వెళ్లింది. పాపం ఆయన మా ఇంట్లో ఏదో అయిందనుకుని నన్ను క్లాసులోంచి పిలిపించారు. ఆ రోజే మా ఆయన ఆ ఫోను తీసి బీరువాలో పెట్టించి, పాత మీటల ఫోను జేబులో వేసుకున్నారు.

విజయవాడలో ఉండే మా తమ్ముడు ఇలాంటి సామాన్లంటే పడిచస్తాడు. వాడొకసారి మాట్లాడితే పాట పెట్టే స్పీకరు ఒకటి పట్టుకొచ్చాడు. "బావా, నువ్వు అడుగు చాలు, అదే పెడుతుంది" అన్నాడు. ఆయన గొంతు సవరించుకుని మోహన రాగంలో వేణువు పెట్టమన్నారు. అది ఎవరో మోహన్ అనే అతని డప్పు పాట పెట్టింది. మళ్లీ అడిగారు. వాతావరణం చెప్పింది. తమ్ముడు పడీ పడీ నవ్వాడు. ఆయన నవ్వలేదు.

"ఇన్నాళ్లూ మీ అక్కని అడుక్కున్నాను. ఇక దీన్ని కూడా అడుక్కోవాలేంట్రా?" అన్నారు. ఆ తర్వాత నా వైపు తిరిగారు. "నా పాట నేను పెట్టుకోవాలి. ఎవర్నీ పిలవకుండా, ఎవర్నీ అడక్కుండా. అది కుదరదంటే ఈ స్టీరియో ఎవరికన్నా ఇచ్చెయ్. రోజంతా దాని పక్కన కూర్చుని అది మాట్లాడదని తెలుసుకోవడం కష్టంగా ఉంది."

ఆయన నోటి నుంచి కష్టంగా ఉందన్న మాట నేను వినడం అదే మొదలు. చూపు పోతోందని డాక్టరు చెప్పినప్పుడు కూడా ఆ మాట అనలేదు. నేను వంటింట్లోకి వెళ్లి ఊరికే గిన్నెలు సర్దాను.

తమ్ముడు ఆ స్పీకరుని సంచిలో పడేసుకుని నా వెనకాలే వచ్చాడు. "అక్కా, నెట్‌వర్క్ ప్లేయరని ఇంకోటుంటుంది. దానికి సొంత స్పీకరు ఉండదు. బావ పాత ఆంప్లిఫయర్‌కే తగిలిస్తాం. ఇంట్లో వైఫై లోంచి తనంతట తనే పాటలు తెచ్చుకుంటుంది, ప్రపంచంలో రేడియోలన్నీ వస్తాయి. బావ క్యాసెట్లన్నీ నేను హార్డ్ డిస్కులోకి ఎక్కించి ఇస్తాను, అవి కూడా పాడుతుంది. ఫోన్తో పనే లేదు" అన్నాడు. వాణ్ణి చిన్నప్పుడు ఎన్ని దెబ్బలు కొట్టానో, అవన్నీ వెనక్కి తీసుకోవాలనిపించింది.

వాడు అన్నంత పనీ చేశాడు. ఆ వేసవి సెలవులన్నీ వాడింట్లో పాత టేపురికార్డరు తిరుగుతూనే ఉంది. నెమలి వేణుగోపాలస్వామి ఉత్సవాల్లో మా ఆయన టేపురికార్డరు ఒళ్లో పెట్టుకుని పట్టిన నాదస్వరం, ఎవరెవరి పెళ్లిళ్లలోనో పట్టిన సన్నాయి, రేడియోలోంచి పట్టిన వీణ, అన్నీ ఎక్కించాడు. మా మరదలు చెవుల్లో దూది పెట్టుకుందట. ఆ అమ్మాయి ఒక్కరోజు కూడా ముఖం చిట్లించలేదు. నేనైతే మొగుణ్ణీ టేపునీ కలిపి బయట పెట్టేదాన్ని.

ఇక పెట్టె కొనాలి. ముగ్గురం విజయవాడలో ఒక పెద్ద కొట్టుకి వెళ్లాం. ఏసీ గది, మెత్తటి సోఫా. కొట్టాయన మర్యాదస్తుడు. ఆయనకి మా వారి సంగతి తెలియదు. నల్ల కళ్లజోడు ఫ్యాషననుకున్నాడో ఏమో, పలకంత స్క్రీనున్న పెట్టె ముందు పెట్టి "బొమ్మ ఎంత క్లియర్‌గా ఉందో చూడండి సార్" అన్నాడు. నేను గబగబా చెప్పాను. చెప్పాక ఇంకా అన్యాయమైంది. అక్కణ్నుంచి మా ఆయనతో మాట్లాడటం మానేసి మా తమ్ముణ్ణి అడగడం మొదలుపెట్టాడు. "సార్‌కి ఎలాంటి మ్యూజిక్ ఇష్టమండీ? సార్ ఇంట్లో స్పీకర్లు ఏ టైపండీ?"

"సార్ ఇక్కడే ఉన్నాడండీ. సార్‌నే అడగండి" అన్నారు మా ఆయన.

కొట్టాయన ముఖం కందగడ్డ అయిపోయింది. వెంటనే సారీ చెప్పి, మంచి వయొలిన్ ఒకటి పెట్టాడు. మా ఆయన చెవి ఒగ్గి విన్నారు. తల కొద్దిగా వాల్చి, పెదవులు బిగించి. నేను ఆ ముఖం చూసి చాలా కాలమైంది. "శబ్దం అద్భుతంగా ఉందండీ. కమాను తీగ మీద ఆగిన చోటు కూడా తెలుస్తోంది" అన్నారు. నా ప్రాణం లేచొచ్చింది. అంతలో చెయ్యి చాపి పెట్టెని తడిమారు. పైన తడిమారు, పక్కల తడిమారు, ముందు అద్దాన్ని ఈ చివర నుంచి ఆ చివరిదాకా తడిమారు.

"దీన్ని ఎక్కడ నొక్కాలి?"

"నొక్కేదేం ఉండదు సార్. అంతా టచ్ స్క్రీనే. లేదంటే ఫోన్లో యాప్ ఉంటుంది."

ఇంకోటి తెచ్చారు. అదీ అంతే. ఇంకోటి. అది మరీ నున్నగా, సబ్బుబిళ్లలా ఉంది. ఆయన చెయ్యి మెల్లిగా వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నారు. "ఇందులో నా చేతికి దొరికేదేం లేదు. పదండి, ఇంటికెళ్దాం" అన్నారు. తమ్ముడు ఇంకా ఏదో చెప్పబోతుంటే నేను కళ్లతోనే వద్దన్నాను.

బస్సు మైలవరం దాటాక, "స్పీకర్లు మీ స్కూలుకిస్తే పనికొస్తాయా? స్వాతంత్ర్య దినానికి వాడుకుంటారు" అన్నారు. "మా స్కూలుకి మైకుంది. మీరు నోరు మూసుకుని కూర్చోండి" అన్నాను. పక్క సీటావిడ నావంక అదోలా చూసింది. చూస్తే చూడనీ.

తర్వాతి రెండో శనివారం, స్కూల్లో ఏదో ట్రైనింగుందని అబద్ధం చెప్పి, నేనొక్కదాన్నే ఆ కొట్టుకి వెళ్లాను. ఆయన్ని మళ్లీ ఆ సోఫాలో కూర్చోబెట్టి మళ్లీ ఉత్త చేతులతో లేపడం నావల్ల కాదు. తమ్ముణ్ణి కూడా పిలవలేదు. వాడొస్తే మళ్లీ ఏ స్క్రీనో చూసి మురిసిపోతాడు.

"మీ దగ్గరున్న పెట్టెలన్నీ ఒక్కొక్కటే నా ముందు పెట్టండి" అని చెప్పి కళ్లు మూసుకున్నాను.

"మేడమ్, తల తిరుగుతోందా? మంచినీళ్లు తెప్పించమంటారా?"

"నాకేం కాలేదండీ. మీరు పెట్టండి."

కొట్లో ఇంకెవరో ఉన్నారు, కిసుక్కున నవ్వారు. కళ్లు తెరిచి ఒక్క చూపు చూసి మళ్లీ మూసుకున్నాను. ఇన్నేళ్లు పదో తరగతి పిల్లల్ని చూసిన చూపు అది, ఇంక నవ్వు వినపడలేదు. తడుముకుంటూ పోయాను. నునుపు, నునుపు, నునుపు. కళ్లు మూసుకుంటే కొట్టంతా పెద్దదైపోయింది. ఎవరి అడుగులు ఎటు నుంచి వస్తున్నాయో తెలియక భుజాలు బిగుసుకుపోయాయి. మా ఆయన పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇందులోనే కదా ఉండేది అనిపించేసరికి, మూసుకున్న కళ్లలోంచే నీళ్లు కారిపోయాయి. కొట్టాయన నా చేతిలో ఒక రిమోటు పెట్టాడు.

పాత టీవీ రిమోటులా బరువుగా ఉంది. రబ్బరు మీటలు పైకి పొడుచుకొచ్చి, ఒకదానికొకటి ఎడంగా ఉన్నాయి. వేలు పెడితే మీట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలుస్తోంది. నొక్కితే టిక్కుమంటోంది. "ఇది! ఇది దేనిది?" అన్నాను కళ్లు తెరవకుండానే.

"పాత మోడల్ మేడమ్. కింద అరలో ఉండిపోయింది. స్క్రీను మరీ చిన్నదని ఎవరూ తీసుకోవట్లేదు. ముందు వైపు వాల్యూం తిప్పేది ఒక్కటే ఉంటుంది, మిగతాదంతా రిమోటే. కాకపోతే ఈ కింది వరస మీటల్లో సార్‌కి కావల్సినవి దాచిపెట్టొచ్చు. ఒకసారి అమర్చేస్తే, ఒక్కో మీటకి ఒక్కో రకం పాటలు. ఫోన్తో పనుండదు."

కళ్లు తెరిచి చూద్దును కదా, కొట్టాయన కూడా కళ్లు మూసుకుని ఇంకో రిమోటు తడుముతున్నాడు. "నిజమే మేడమ్. మాకీ ఆలోచనే రాలేదు" అన్నాడు. ఆ తర్వాత పక్క గదిలోకి తీసుకెళ్లి, ఈ పాత పెట్టెలోనూ, ఆ రోజు మా ఆయన మెచ్చుకున్న పెట్టెలోనూ అదే వయొలిన్ పెట్టి వినిపించాడు. నాకేం తేడా తెలియలేదు. నాకు తెలిసిన సంగీతమల్లా స్కూలు బెల్లూ, గుళ్లో గంటా, అంతే. "ఆయన చెవికి నచ్చకపోతే వెనక్కి తెస్తాను, మారు మాట్లాడకూడదు" అన్నాను. "తప్పకుండా మేడమ్" అన్నాడు. ఆ మనిషి పిల్లాపాపలతో చల్లగా ఉండాలి.

మర్నాడు ఆదివారం. తమ్ముడొచ్చాడు. వాడు అట్టపెట్టె విప్పుతుంటే నేను గంధం సాన మీద చెక్క అరగదీశాను. మా ఇంట్లో కొత్త వస్తువు వస్తే బొట్టు పెట్టకుండా స్విచ్చి వెయ్యడమన్నది లేదు. ఫ్రిజ్జుకి పెట్టాను, మిక్సీకి పెట్టాను, వాషింగ్ మిషనుకి పసుపు రాసి మరీ పెట్టాను. దీనికి పెట్టకపోతే ఎలా? పెట్టె ముందు భాగంలో, సరిగ్గా బొట్టు కోసమే వదిలారా అన్నట్టు, చిన్న నల్లటి గుండ్రం నిగనిగలాడుతూ కనిపించింది. దాని మీద నిండుగా గంధం పెట్టి, మధ్యలో కుంకం దిద్ది, అగరొత్తులు తిప్పాను. "అక్కా, అది మిషను, పెళ్లికూతురు కాదు" అన్నాడు తమ్ముడు. "నీ పని నువ్వు చూసుకో" అన్నాను.

వాడు తన ఫోన్లోంచే అన్నీ అమర్చాడు. వైఫై కలిపాడు, హార్డ్ డిస్కు తగిలించాడు, మీటల్లో ఏవేం రావాలో బావని అడిగి అడిగి దాచాడు. చివరికి నాదస్వరం పెట్టాడు. ఆ పాత స్పీకర్లు ఒళ్లు విరుచుకుని లేచాయి. ఆయన కుర్చీలో ముందుకి జరిగి కూర్చుని, "డోలు ఎడమ పక్కనుంది చూడు. నేను ఆ రోజు కూర్చున్నది కూడా అటే" అన్నారు. తమ్ముడు సంబరపడిపోయి, సాయంత్రం బస్సుకి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున బడికి వెళ్లేముందు రిమోటు ఆయన చేతిలో పెట్టాను. "నొక్కండి" అన్నాను. నొక్కారు. ఏమీ లేదు. ఇంకోటి నొక్కారు. ఊహూఁ. నేను తీసుకుని నొక్కాను, గట్టిగా నొక్కాను, రెండు చేతులతో నొక్కాను. గోడ గడియారంలోని బ్యాటరీలు పీకి ఇందులో వేశాను. గడియారం ఆగింది గానీ పెట్టె కదల్లేదు.

"పోన్లే" అన్నారాయన. "నువ్వు చాలా తిరిగావు. ఇక చాలు, ఇచ్చెయ్."

ఆయన అరిచినా బాగుండేది. ఆ "చాలు"లో ఎంత అలిసిపోయిన గొంతో! నాకు ఒళ్లు మండిపోయింది. కొట్టాయనకి ఫోను చేసి దులిపేశాను. "ఎవరూ కొనని సరుకు అంటగట్టారా? కళ్లు లేని మనిషితో ఆటలా మీకు?" అన్నాను. ఆయన ఓపిగ్గా అంతా విని, "మేడమ్, పెట్టె ముందు ఏమన్నా అడ్డం ఉందేమో ఒక్కసారి చూడండి" అన్నాడు.

"నాకు కళ్లున్నాయండీ, కనిపిస్తోంది. అడ్డం లేదు, ఏమీ లేదు" అని ఫోను పెట్టేశాను.

బడికి ఆ పూట సెలవు చెప్పాను. ఆ రోజే పెట్టె తీసుకెళ్లి వాళ్ల మొహాన కొట్టాలని పట్టుదల. వైర్లు ఊడదీయబోతుంటే ఆయన "ఉండు, ఒక్కసారి" అని వచ్చి పెట్టె మీద చెయ్యి వేశారు. మెల్లిగా పైన రాశారు. ముందు వైపు రాశారు. వేలు ఒకచోట ఆగింది.

"ఇక్కడేదో గరుగ్గా ఉంది. కొత్త వస్తువుకి మచ్చేంటి?"

"మచ్చ కాదండీ, బొట్టు."

"బొట్టా? ఎక్కడ పెట్టావు?"

"ముందు వైపేనండీ. నల్లగా, చిన్న గుండ్రం ఉంటే దాని మీద."

ఆయన గోటితో గంధం పెళ్లని కొంచెం గీకారు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. "ఓసి నీ భక్తి తగలెయ్యా! అది దాని కన్నే! రిమోటు నొక్కితే చూసేది దాంతోనే. టీవీకి ఉండదూ? నువ్వు దాని కంటికి గంధం పూసేశావు" అన్నారు. నేను నాలుక కరుచుకుని అలాగే నిలబడిపోయాను. ఆయన మాత్రం ఇంకో మాట అనబోయి, అనలేక, నవ్వడం మొదలుపెట్టారు. "సరిపోయిందే, నాకూ దానికీ జోడీ బాగానే కుదిరింది" అని పొట్ట పట్టుకుని నవ్వారు. మా ఇంట్లో ఆ నవ్వు వినపడి ఎన్ని నెలలైందో. నేను తడిగుడ్డ తెచ్చి ఆ కన్ను తుడిచాను, చీర చెంగుతో నా కళ్లూ తుడుచుకున్నాను. ఆయన రిమోటు అందుకుని నొక్కారు. వీణ మొదలైంది.

కొట్టాయనకి ఫోను చేసి క్షమించమని అడిగాను. చెప్పడానికి సిగ్గేసింది గానీ చెప్పాను. అవతల ఆయన కూడా నవ్వాపుకోలేకపోయాడు. "దసరా వెళ్లగానే మాకు ఇలాంటి ఫోన్లు బోలెడొస్తాయి మేడమ్. అందుకే అడ్డం ఉందేమో చూడమన్నాను. బొట్టా అని అడిగితే మీరింకా తిడతారని ఊరుకున్నాను" అన్నాడు.

అక్కడితో అయిపోలేదు. రిమోటు పనిచేసింది సరే, మీటలన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఒక చివర నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చి మధ్యలో లెక్క తప్పేవారు. వీణ అనుకుంటే వార్తలు వచ్చేవి. రెండు మూడు రోజులు చూశారు. ఒక సాయంత్రం "ఆ గంధం బొట్టు వేలికి ఎంత బాగా తెలిసిందో!" అన్నారు ఊరికే, మాటవరసకి. నాకు బుర్రలో బల్బు వెలిగింది. పరుగున వెళ్లి అద్దం దగ్గరున్న నా బొట్టుబిళ్లల అట్టలన్నీ పట్టుకొచ్చాను.

నాదస్వరం మీటకి పెళ్లిళ్లకి పెట్టుకునే రాళ్ల బిళ్ల. వీణకి మఖమల్ బిళ్ల. వయొలిన్‌కి నిలువు బిళ్ల. పాత సినిమా పాటలకి ఒక మూల చిన్న ముత్యం అతికించిన బిళ్ల, అది నాకెప్పుడూ నప్పలేదు. రేడియోలకి ఏమీ పెట్టకుండా వదిలేశాం. ఆయన చూపుడు వేలు ఒక్కసారి వరస మీద నడిచి వెనక్కొచ్చింది. తప్పు లేదు. మళ్లీ నడిచింది. తప్పు లేదు. నక్షలు గీసిన వేలు అది, దానికి చోటు తెలిస్తే చాలు.

"నీ మొహాన పెట్టుకునేవన్నీ దీనికి పెట్టేశావు, మరి నీకో?" అన్నారు.

"నన్నెవరు చూస్తారు లెండి" అన్నాను. అనేశాక గుండె చివుక్కుమంది. ఆయన మాత్రం చెయ్యి చాపి నా నుదురు తడిమి, అక్కడ బిళ్ల ఉందని చూసుకుని, తృప్తిగా తలూపారు.

అప్పట్నుంచి బడి నుంచి వస్తుంటే వీధి మొదట్లోనే ఏదో ఒకటి వినపడుతుంది. ఎదురింటావిడ "మీ వారు ఇవాళ సన్నాయి పెట్టారండీ, మా మామగారు అరుగు మీద కూర్చుని విన్నారు" అని చెబుతుంది. ఒకప్పుడు నేను ఇంట్లో అడుగుపెట్టగానే ఆయన మొదట అడిగేది పాట పెట్టమని. ఇప్పుడు టీ అడుగుతున్నారు. టీ కాచేటప్పుడు నాకు ఊరికే నవ్వొస్తుంది. దేవుడు ఎక్కడున్నాడో తెలియదు గానీ, ఉంటే మాత్రం మా హాల్లోనే కూర్చున్నాడని నా నమ్మకం.

మొన్నీమధ్య బడిలో తల్లిదండ్రుల సమావేశం ఉంది. అది తెమిలేసరికే పొద్దు వాలింది. దానికితోడు బస్సు దారిలో ఆగిపోయింది. నా ఫోనులో ఛార్జింగు అయిపోయింది. ఇంకో బస్సు పట్టుకుని తిరువూరులో దిగేసరికి బాగా చీకటి పడిపోయింది. మామూలుగా దీపాల వేళకి నేనే వచ్చి లైటు వేస్తాను. వీధిలోకి తిరిగి చూస్తే అందరి ఇళ్లలో లైట్లున్నాయి, మా ఇల్లొక్కటే నల్లగా ఉంది. నా కోసం కంగారుపడి బయటికొచ్చారా? మెట్ల దగ్గర పడ్డారా? ఎవరినైనా కేకేశారా? చెప్పులు టపటపలాడుతుంటే దాదాపు పరుగెత్తాను.

గేటు మీద చెయ్యి వేశాను. లోపల్నుంచి పాట వస్తోంది. నేను ఎప్పుడూ విననిది. మా క్యాసెట్లలోది కాదు. ఏదో కమానుతో వాయించే వాద్యం, మన వయొలిన్ కాదు, ఇంకా బొంగురుగా, ఎవరో ముసలాయన లోగొంతుకతో కూనిరాగం తీస్తున్నట్టుంది. గోడ పట్టుకుని చీకట్లోనే హాల్లోకి నడిచాను.

"వచ్చావా?" అన్నారు.

"ఏంటండీ ఇలా చీకట్లో కూర్చున్నారు? నా ప్రాణాలు పోయాయనుకోండి!"

"చీకటి పడిందా?" అన్నారు ఆశ్చర్యంగా. "నేను చూసుకోనే లేదు."

ఆ గొంతులో దిగులు లేదు. మనం ఏదైనా పనిలో పడి టైము చూసుకోనప్పుడు అంటామే, అలాగే అన్నారు.

"ఏం పాటండీ ఇది? మన దగ్గర లేదే?"

"ఏ దేశానిదో నాకూ తెలీదు. రేడియోలు మార్చుకుంటూ పోతుంటే దొరికింది. మధ్యాహ్నం నుంచీ ఈ స్టేషనే వింటున్నాను."

నేను స్విచ్చి బోర్డు వైపు చెయ్యి చాపాను.

"ఉండు" అన్నారు. "ఇది అయ్యాక వేద్దువుగాని. ఇలా వచ్చి కూర్చో."

హ్యాండుబ్యాగు అక్కడే వదిలేసి, తడుముకుంటూ వెళ్లి ఆయన కుర్చీ పక్కన కింద కూర్చున్నాను. ఏమీ కనిపించడం లేదు. కాసేపటికి బస్సూ, పరుగూ, కంగారూ అన్నీ వెనక్కి పోయి, ఆ బొంగురు వాద్యం ఒక్కటే మిగిలింది. కమాను తీగ మీద ఆగిన చోటు నాకు మొదటిసారి తెలిసింది. అంత సంతోషాన్ని ఏం చేసుకోవాలో తెలియక ఆయన మోకాలు పట్టుకున్నాను. పాట అయిపోయింది. నేను లేవలేదు.

"ఇంకోటి పెట్టనా?" అన్నారు మా ఆయన.

"పెట్టండి" అన్నాను.